పేరులేని సమాధుల ఊళ్లో పేర్ల పట్టిక

2015 సెప్టెంబర్ 11, శుక్రవారం. హజ్‌కు పది రోజులకు పైగా వ్యవధి ఉన్నా మక్కా అప్పటికే యాత్రికులతో నిండిపోయింది. అసర్ నమాజు ముగిసి, మగ్రిబ్ కోసం జనం చేరుతున్న వేళ గాలివాన లేచింది. మస్జిదుల్ హరామ్ విస్తరణ పనుల కోసం నిలబెట్టిన ఒక భారీ క్రాలర్ క్రేన్ ఒరిగిపోయి, దాని పొడవాటి బూమ్ మస్జిదు కప్పును చీల్చుకుని లోపలున్నవాళ్ల మీద పడింది. 111 మంది చనిపోయారు. 394 మంది గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో 11 మంది మన దేశంవాళ్లు. వాళ్లను గుర్తుపెట్టుకోవాలా, పెట్టుకుంటే ఎక్కడ, ఎలా అన్నది ఈ సంవాదానికి విషయం. మాట్లాడే ఇద్దరూ నేను కల్పించినవాళ్లే. విశాఖలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరై ఉమ్రాకు వచ్చిన మాస్టారు ఒకరు. నిజామాబాద్ నుంచి వచ్చి మక్కా కట్టడాల దగ్గర సేఫ్టీ పనులు చూసే సూపర్‌వైజర్ ఇంకొకరు. నా మొగ్గు మాస్టారి వైపే, దాచను. అయితే రెండోవాడి వాదన తీసిపారేయదగ్గది కాదు. దానికి జవాబు చెప్పకుండా మాస్టారి మాట నిలబడదు కూడా.

సూపర్‌వైజర్: సార్, హరంలో ఆ ప్రమాదం ఆనవాలు ఒక్కటి కూడా లేదని మీరు బాధపడుతున్నారు. ఈ ఊరి పద్ధతే అది. ఇక్కడ ఏ పూట నమాజు అయినా సలాం చెప్పాక మైకులో జనాజా నమాజు ప్రకటన వస్తుంది. చనిపోయింది మగవాళ్లా, ఆడవాళ్లా, పిల్లలా అన్నంతవరకే చెబుతారు. పేరు చెప్పరు. లక్షలమంది లేచి నిలబడి, ఎవరో తెలియని మనిషి కోసం దువా చేస్తారు. జన్నతుల్ మఅల్లా శ్మశానానికి వెళ్లి చూడండి. మట్టి, దాని మీద ఒక రాయి. రాయి మీద ఏ రాతా ఉండదు. ఒకప్పుడు అక్కడ గుమ్మటాలుండేవి. 1920లలో సౌద్ వంశం పాలన వచ్చాక కూల్చేశారు. సమాధి మొక్కుబడుల చోటు కాకూడదన్నది వాళ్ల పట్టుదల. అది పేదవాళ్లకొకటి, పెద్దవాళ్లకొకటి కాదు. అబ్దుల్లా రాజు 2015 జనవరిలో చనిపోతే రియాద్‌లోని అల్ ఊద్ శ్మశానంలో పేరు లేని సమాధిలోనే పెట్టారు. అదే ఏడాది సెప్టెంబరులో ఈ క్రేన్ పడింది. రాజుకే లేని ఫలకం యాత్రికులకు ఎందుకు? నన్నడిగితే ఇంతకు మించిన సమానత్వం లోకంలో ఇంకెక్కడా లేదు.

మాస్టారు: సమాధి విషయంలో నువ్వన్నది నిజమే బాబూ. ఆ మాట మీద నీతో నాకు పేచీ లేదు. అయితే అబ్దుల్లా రాజు పేరు చెరిగిపోయిందా? క్రేన్ నిలబడ్డది ఏ పనిలో? 2011లో మొదలైన విస్తరణలో. ఆ విస్తరణకు ఆయన పేరే. దాని ముఖద్వారం కింగ్ అబ్దుల్లా గేటు. యూనివర్సిటీకి ఆయన పేరుంది, సముద్రం ఒడ్డున ఒక నగరానికే ఆయన పేరుంది. సమాధి మీద పేరు లేకపోవడం ఆయనకు లోటు కాదు, ఎందుకంటే ఆ పేరు ఉండాల్సిన చోట్ల ఉంది. క్రేన్ కింద పోయిన యాత్రికుడికి సమాధి మీదా పేరు లేదు, గేటు మీదా లేదు, ఏ గోడ మీదా లేదు. నువ్వు సమానత్వం అంటున్నది మట్టి కిందవరకే. మట్టి పైన లెక్క వేరేగా ఉంది. ఇంకో సంగతి. సమాధి వేరు, పట్టిక వేరు. ఈ దేశంలో పేర్ల పట్టిక పెట్టకూడదని ఎవరూ అనలేదు. మదీనాకు నైరుతిలో బదర్ ఉంది కదా. అక్కడ యుద్ధంలో షహీదులైన 14 మంది పేర్లు రాసిన ఫలకం ఉంది. దాని ముందు ఎవరూ సజ్దా చేయడం లేదు. చదువుతారు, సలాం చెప్పి వెళ్తారు. ఉహుద్ యుద్ధంలో 70 మంది పోతే, ప్రవక్త జీవితచరిత్ర రాసిన ఇబ్నె హిషామ్ తన సీరత్‌లో వాళ్లను తెగలవారీగా పేర్లు పెట్టి లెక్క రాశాడు. ఎవరి కొడుకు, ఏ తెగ, అన్నీ ఉన్నాయి. ఒక మాట నిజమా కాదా తేల్చడానికి అది ఎవరెవరి నోటి మీదుగా వచ్చిందో పేరుపేరునా అడిగిన సంప్రదాయం మనది. హదీసు శాస్త్రమంతా పేర్ల మీదే నిలబడింది. అలాంటి సంప్రదాయంలో పుట్టి, పేర్లు మన పద్ధతి కాదంటే ఎలా ఒప్పుకోను?

సూపర్‌వైజర్: బదర్‌లో పోయినవాళ్లు తెలిసి తెలిసి వెళ్లారు. ఎదురుగా శత్రువున్నాడు, వెనుక ఒక ఆశయముంది. ఆ పేర్లు చదివితే మనిషికి ధైర్యమొస్తుంది. క్రేన్ కింద పడ్డవాళ్ల సంగతి అలా కాదు. తవాఫ్‌లోనో, నమాజుకు ఎదురుచూస్తూనో ఉన్నారు. పైనుంచి ఇనుము పడింది. ఇందులో చెప్పుకోవడానికి ఏముంది? యుద్ధంలో పోయినవాళ్లకు స్మారకాలుంటాయి, ప్రమాదంలో పోయినవాళ్లకు పరిహారాలుంటాయి. ఏ దేశంలోనైనా ఇంతే కదా?

మాస్టారు: ఇంతే కాదు. ఇంగ్లండులో లాంకషైర్ కౌంటీలో ఫ్రెకిల్టన్ అని చిన్న ఊరుంది. పక్కనే వార్టన్‌లో రెండో ప్రపంచయుద్ధం నాటి అమెరికా విమాన స్థావరం. 1944 ఆగస్టు 23 ఉదయం అక్కడినుంచి రెండు బి-24 లిబరేటర్ బాంబర్లు పరీక్ష కోసం పైకి లేచాయి. ఇంతలో నల్లగా ఉరుముల వాన కమ్ముకొచ్చింది. వెనక్కి రమ్మని కబురు పంపారు. ఒకటి తప్పించుకుంది. రెండోది ఊరి మీద పడింది. ఇళ్లను, అమెరికా సైనికులు కూర్చునే ఒక చిన్న కాఫీ కొట్టును తాకి, హోలీ ట్రినిటీ బడిలో పసిపిల్లల గది మీద ముక్కలై మండింది. 61 మంది పోతే అందులో 38 మంది పిల్లలు. బడి తెరిచి రెండు రోజులు కూడా కాలేదు. నువ్వన్న తేడా ఇక్కడ ఎక్కడ పెడతావు? అది యుద్ధకాలమే, బాంబరే, కానీ శత్రువు లేడు. ఆ విమానం వాళ్లను కాపాడటానికి వచ్చిన సైన్యానిది. గాలివానలో పడింది. ఇక్కడి క్రేను కూడా నమాజు చేసుకునేవాళ్లకు చోటు పెంచడానికి తెచ్చిందే, అదీ గాలివానలోనే పడింది. అయినా ఫ్రెకిల్టన్ వాళ్లు ఇది ప్రమాదం కదా అని వదిలేయలేదు. చర్చి ఆవరణలో పిల్లలను ఒకే చోట పాతిపెట్టి పేర్లు చెక్కించారు. అమెరికా సైనికులు తమ చేతులతో పిల్లల కోసం ఒక ఆటస్థలం కట్టారు, ఏడాది తిరిగేసరికి 1945 ఆగస్టులో దాన్ని తెరిచారు. విమానం ఎవరిదో ఆ పక్షమే వచ్చి, చనిపోయిన పిల్లల పేరు మీద బతికున్న పిల్లలకు ఆటస్థలం కట్టిందన్నమాట. స్మారకమంటే ఏడుపు రాయి ఒకటే కాదని చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇప్పుడు మా విశాఖ సంగతి చెబుతాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ర్యూజో అనే నౌక మీదనుంచి లేచి విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. హార్బరులో మనుషులు చనిపోయారు. ఆనాటి బాంబు తాలూకు ఇనప డొప్ప ఇప్పటికీ బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది, పిల్లలు వింతగా చూసి వెళ్తారు. ఆ బాంబుకు బలైన కూలీ పేరేమిటని విశాఖలో దారిన పోయే పదిమందిని అడుగు, ఎంతమంది చెబుతారో చూడు. అక్కడ శత్రువున్నాడు, యుద్ధముంది, తేదీ పుస్తకాల్లో ఉంది. అయినా గుర్తున్నది ఇనుము, మనిషి కాదు. కాబట్టి యుద్ధమైతే గుర్తుంటుంది, ప్రమాదమైతే మరిచిపోతాం అన్న నీ లెక్క ఎటు తిప్పినా కుదరదు. ఎవరైనా కూర్చుని పేర్లు రాస్తే గుర్తుంటాయి, రాయకపోతే ఉండవు. నేనైతే ఇంకో అడుగు ముందుకేస్తాను. శత్రువు చంపినవాళ్ల లెక్క యుద్ధమే రాసుకుంటుంది, ఎందుకంటే పగ తీర్చుకోవడానికి ఆ లెక్క కావాలి. మనవాళ్ల యంత్రం కింద పోయినవాళ్ల లెక్క ఎవరికీ అక్కరలేదు, పైగా ఇబ్బంది. అందుకే దాన్ని పనిగట్టుకుని రాయాలి.

సూపర్‌వైజర్: ఫ్రెకిల్టన్ కథ బాగుంది సార్. ఒకటి అడుగుతాను. ఆ విమానం ఎందుకు పడిందో కచ్చితంగా తేలిందా?

మాస్టారు: లేదు. విచారణ చేసినవాళ్లు కూడా ఇదే కారణమని తేల్చి చెప్పలేకపోయారు. ఇంగ్లండు గాలివానలు ఎంత ప్రమాదమో పైలట్లకు నేర్పాలని మాత్రం అన్నారు.

సూపర్‌వైజర్: చూశారా! పేర్లు మిగిలాయి, కారణం మిగల్లేదు. మా పనిలో ఎవరూ చనిపోయినవాడి పేరు మొదట అడగరు, కారణం అడుగుతారు. క్రేన్ సంగతే తీసుకోండి. పని లేనప్పుడు, గాలి పెరిగినప్పుడు బూమ్ దించాలి. తయారీ కంపెనీ ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. క్యాబిన్‌లో గాలి వేగం చూపించే మీటరు ఉంటుంది, లోడ్ చార్టు ఉంటుంది. ఏ గాలికి పని ఆపాలో, ఏ గాలికి బూమ్ నేల మీద పరచాలో అంకెలతో సహా రాసి ఉంటుంది. ఆ రోజు బూమ్ లేపి ఉంచడం ఆ సూచనలకు విరుద్ధమని సౌదీ విచారణ కమిటీ నాలుగు రోజుల్లోనే చెప్పింది. నిజమైన స్మారకం అది. ఇవాళ ఏ సైట్‌లోనైనా గాలి లేస్తే బూమ్ దించుతున్నారంటే ఆ 111 మందిని గుర్తుపెట్టుకున్నట్టే. హజ్ యాత్రికులు గుడారాల్లో బస చేసే మీనా చూడండి. 1997లో గుడారాలు అంటుకుని 343 మంది పోయారు, మన దేశంవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత మంటకు అంటుకోని ఫైబర్‌గ్లాస్ గుడారాలు వేశారు. ఇప్పుడు లక్షలమంది నిశ్చింతగా పడుకుంటున్నది వాటిలోనే. 2006లో సైతానుకు రాళ్లు విసిరే జమరాత్ దగ్గర తొక్కిసలాటలో 340 మందికి పైగా పోతే పాత వంతెన కూల్చి అంతస్తులుగా కొత్తది కట్టారు. గోడ మీద పేరు రాయడం కన్నా గుడారం మార్చడం గొప్ప పని కాదా? డబ్బు విషయంలోనూ లోటు చేయలేదు. సల్మాన్ రాజు చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షల రియాళ్లు, గాయపడ్డవాళ్లకు 5 లక్షల రియాళ్లు ప్రకటించారు. ఇంకేం కావాలి?

మాస్టారు: గుడారాలు మార్చినవాళ్లకు నమస్కారం. ఆ పని తక్కువదని నేనెప్పుడూ అనను. కానీ మరమ్మతుకు ఒక లోపముంది. అది ఏ చోట తప్పు జరిగిందో ఆ చోటు వరకే గుర్తుపెట్టుకుంటుంది. గుడారం నిప్పును గుర్తుపెట్టుకుంది, వంతెన వంతెన మీది తొక్కిసలాటను గుర్తుపెట్టుకుంది. క్రేన్ పడ్డ 13 రోజులకే, సెప్టెంబర్ 24న, ఆ వంతెనకు వెళ్లే దారిలో, 204వ నంబరు వీధిలో జనం నలిగిపోయారు. అంత జనాన్ని అంత ఇరుకు దారిలోకి ఒకేసారి పంపితే ఏమవుతుందన్న పాఠం వంతెన కాంక్రీటులో లేదు. అక్కడే ఇంకో సంగతి చూడు. సౌదీ ప్రభుత్వం చెప్పిన మృతుల లెక్క 769 దగ్గర ఆగిపోయింది. ఆయా దేశాలు తమవాళ్లు ఇంతమంది పోయారని చెప్పిన అంకెలు కలిపి అసోసియేటెడ్ ప్రెస్ లెక్కవేస్తే 2,400 దాటింది. మూడింతల తేడా! పట్టిక లేకపోతే జరిగేది ఇదే. పేర్లు ఉంటే ఎవరైనా వచ్చి మా నాన్న పేరు ఇందులో లేదని అడగగలడు. అంకెను అలా అడగలేం. నువ్వు కారణం కావాలన్నావు, నాకూ కావాలి. కానీ ఎంతమంది పోయారో సరిగా తెలియని చోట కారణం సరిగా తేలుతుందా?

ఇక క్రేన్ కారణం గురించి. విచారణ కమిటీ నాలుగు రోజుల్లో చెప్పింది సరే. కోర్టు ఏమంది? 2017 అక్టోబరులో మక్కా క్రిమినల్ కోర్టు, విస్తరణ పనులు చేస్తున్న బిన్ లాదెన్ గ్రూపుతో సహా 13 మంది నిందితులనూ విడుదల చేసింది. గాలివాన వల్ల జరిగింది, వీళ్ల తప్పు లేదంది. ప్రాసిక్యూషన్ అప్పీలు చేస్తే అక్కడా అదే మాట. అక్కడితో కేసు ముగిసి ఉంటే 111 మందిని చంపింది గాలి అని రికార్డులో మిగిలేది. కానీ సుప్రీం కోర్టు మళ్లీ విచారించమంది. చివరికి 2023 ఫిబ్రవరిలో బయటికొచ్చిన తీర్పులో అది నిర్లక్ష్యమని తేలింది. కంపెనీకి 2 కోట్ల రియాళ్ల జరిమానా, బాధ్యుల్లో కొందరికి నెలల చొప్పున జైలు. శిక్ష తక్కువా ఎక్కువా అన్నది నేను మాట్లాడను. 2017లో గాలి చేసిన పని, 2023లో మనుషులు చేసిన పని అయింది. మధ్యలో ఐదేళ్లకు పైగా ఎవరో ఆ ఫైలు మూయకుండా ఉంచారు. ఈ చివరి తీర్పు సంగతి మనవాళ్లలో ఎంతమందికి తెలుసు? క్రేన్ పడిందని తెలుసు, పరిహారం ఇచ్చారని తెలుసు, చివరి తీర్పు తెలియదు. గుర్తుపెట్టుకోవడానికి ఒక చోటంటూ ఉంటే ఆ తీర్పు అక్కడికి వచ్చి చేరేది. డబ్బు కుటుంబానికి చేరింది, మంచిదే. తీర్పు చేరాల్సింది అందరికీ.

సూపర్‌వైజర్: నేను అసలు మాటకు వస్తాను సార్, ఇందాకటి నుంచి మొహమాటపడుతున్నాను. చనిపోయినవాళ్ల ఇంట్లోవాళ్లు ఏమంటారో మీకూ తెలుసు. మక్కాలో, శుక్రవారం, హరంలో ప్రాణం పోయింది, ఎంత అదృష్టవంతుడు అంటారు. ఆ మాట పట్టుకునే బతుకుతున్నారు. అది తఖ్దీర్, దేవుడి రాత. మీరు వెళ్లి, కాదమ్మా, బూమ్ దించనందుకు పోయాడు అని చెబితే వాళ్లకు మిగిలిన ఆ ఒక్క ఓదార్పూ పోతుంది. ఇంకా, గాజులమ్మి, కొడుకు దుబాయి నుంచి పంపిన డబ్బు కూడబెట్టి హజ్‌కు బయలుదేరే ముసలమ్మకు మీ పట్టిక చూపిస్తే ఆమె గుండె జారదా? మనం ఇక్కడ పని చేసుకుని బతికేవాళ్లం, ఆతిథ్యమిచ్చిన దేశాన్ని వేలెత్తి చూపడం మర్యాదేనా?

మాస్టారు: ఓదార్పును ఎవరూ లాక్కోకూడదు. నీ మాటల్లో నాకు ఎక్కువ బరువుగా అనిపించింది ఇదే. కానీ తఖ్దీర్‌ను నమ్మడం కారణం అడగకపోవడం కాదు. ఖలీఫా ఉమర్ సిరియాకు వెళ్తూ, అక్కడ ప్లేగు ఉందని దారిలో విని తనవాళ్లతో వెనక్కి తిరిగాడు. అల్లాహ్ రాత నుంచి పారిపోతున్నావా అని అడిగితే, ఒక రాత నుంచి ఇంకో రాతకు వెళ్తున్నానన్నాడు. ఉమర్ కన్నా మనకు ఎక్కువ తవక్కుల్, అంటే దేవుడి మీద భరోసా, ఉందా? ఆ చావు అదృష్టమని తల్లి అనుకోవచ్చు. బూమ్ దించని కంపెనీ అనుకోకూడదు. ఒకే మాట ఒకరి నోట ఓదార్పు, ఇంకొకరి నోట తప్పించుకోవడం. ఇక ముసలమ్మ భయపడుతుందన్నావు. ఆమెకు వడదెబ్బ గురించి చెబుతున్నారు, తప్పిపోతే ఏం చేయాలో చెబుతున్నారు, చేతికి కట్టుకునే పట్టీ ఇస్తున్నారు. వాటికి భయపడలేదు కదా. ఈ దేశాన్ని వేలెత్తి చూపడం గురించి అంటావా, తప్పని తేల్చింది ఈ దేశపు కోర్టే. దాని తీర్పును గుర్తుపెట్టుకోవడం అమర్యాద ఎలా అవుతుంది?

2025 నవంబరు 17 సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. మక్కా నుంచి మదీనాకు వెళ్తున్న ఉమ్రా యాత్రికుల బస్సు డీజిల్ ట్యాంకర్‌ను ఢీకొని కాలిపోయింది. 45 మంది పోయారు, ఎక్కువమంది హైదరాబాదువాళ్లే. ఒకే కుటుంబంలో తాత నుంచి మనవలదాకా పోయారు. ఒక్కరే బతికారు. మదీనాలోని జన్నతుల్ బఖీ శ్మశానంలో ఖననం చేశారు. బఖీలోనూ సమాధుల మీద పేర్లుండవు. హైదరాబాదులో ఉన్న బంధువు రేపు ఎక్కడికి వెళ్లి, ఏ చోట నిలబడి, వీళ్లు నావాళ్లు అనుకోవాలి? పాత పేపర్లలో పేర్లున్నాయి. పేపరు పొట్లాలు కట్టుకోవడానికి పోతుంది.

సూపర్‌వైజర్: సరే సార్. ఆ బస్సు సంగతి వచ్చాక నేను ఎదురు చెప్పలేను. కానీ రెండు షరతులు. హరంలోనూ వద్దు, ఈ ఊళ్లో ఎక్కడా వద్దు. ఇక్కడికి వచ్చేవాళ్లు ఇబాదత్ కోసం వస్తారు, వాళ్ల చూపు కాబా మీద ఉండాలి. అంతగా పెట్టాలంటే మన ఊళ్లో పెట్టండి. నాంపల్లి హజ్ హౌస్‌లో. యాత్రికులకు శిక్షణ ఇచ్చేది, సామాను తూచి బస్సు ఎక్కించేది అక్కడే కదా. రెండో షరతు, ఉత్త పేర్లు రాయొద్దు. ఉత్త పేర్లు రాస్తే ఫాతిహా చదివి వెళ్లిపోయే బోర్డు అవుతుంది. ప్రతి ప్రమాదం కింద ఒక్క వాక్యంలో కారణం రాయాలి. బూమ్ దించలేదు. రెండు దారుల జనం ఒక వీధిలో కలిశారు. గుడారం బట్ట అంటుకునేది. కోర్టు ఏమన్నదో, ఆ తర్వాత ఏం మార్చారో రాయాలి. మార్చనిది ఏమైనా ఉంటే అదీ రాయాలి. అప్పుడే శిక్షణకు వచ్చినవాడు బస్సు ఎక్కేముందు డ్రైవరు నిద్ర పోయాడా లేదా, తలుపు లోపలినుంచి తెరుచుకుంటుందా లేదా అని అడగడం నేర్చుకుంటాడు.

మాస్టారు: నీ రెండో షరతు నా పట్టిక కన్నా మేలైంది. మొదటి షరతుకు నాకు అభ్యంతరం ఉండాల్సింది. ఫ్రెకిల్టన్‌లో పడ్డచోటే గుర్తుపెట్టుకున్నారు, అదే సరైన చోటని నా నమ్మకం. కానీ అక్కడ పోయినవాళ్లలో ఎక్కువమంది ఆ ఊరివాళ్లే, ఇక్కడ పోయినవాళ్లు పరాయి ఊళ్లవాళ్లు. వాళ్ల పేర్లు తెలిసిన గుమ్మాలు ఉండేది మన దగ్గరే.

సంవాదం ఇక్కడికి ముగిసింది. కారణం లేని పేర్లు మొక్కుబడి, పేర్లు లేని కారణం ఫైలు. సూపర్‌వైజర్ షరతులు కలిశాకే మాస్టారి పట్టిక గోడ ఎక్కదగ్గది అయింది. కాబట్టి తెలంగాణ హజ్ కమిటీకి, ఆంధ్రప్రదేశ్ హజ్ కమిటీకి ఒక విన్నపం. హజ్‌లో, ఉమ్రాలో ప్రమాదాల్లో చనిపోయిన తెలుగు నేల యాత్రికుల పేర్లు సేకరించండి. కుటుంబాల అనుమతి తీసుకోండి. 2025 నవంబరు బస్సుతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి, ఆ జాబితా ఇంకా తాజాగా ఉంది. పేరు, ఊరు, తేదీ, కారణం తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించి, శిక్షణ తరగతులు జరిగే హాలు బయట గోడకు పెట్టించండి. తమవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలు ఈ వ్యాసం చదువుతుంటే, కమిటీ అడిగేదాకా ఆగకుండా ఆ నాలుగు వివరాలు మీరే రాసి వాళ్లకు అందజేయండి.